రేడియోనా, లేజరా? రెండు శాటిలైట్ల మధ్య లింక్ ఎంచుకునే ముందు

"సార్, మేం రెండు క్యూబ్‌శాట్లు చేస్తున్నాం. మధ్యలో లేజర్ లింక్ పెడదామనుకుంటున్నాం."

ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలైనా, కొత్తగా కంపెనీ పెట్టినవాళ్లయినా నాతో మాట మొదలుపెట్టేది ఇలాగే. లేజరే ఎందుకని అడిగితే జవాబు దాదాపు ఒకటే: "స్టార్‌లింక్ వాళ్లు పెట్టారు కదా సార్, పైగా రేడియో కంటే ఫాస్ట్." క్యూబ్‌శాట్ అంటే చేతుల్లో పట్టేంత చిన్న శాటిలైట్, స్టార్‌లింక్ అంటే వేల శాటిలైట్లతో ఇంటర్నెట్ ఇచ్చే సేవ.

ఆ జవాబులో రెండో సగం తప్పు. రేడియో తరంగం, లేజర్ కిరణం రెండూ ఒకే జాతివి. శూన్యంలో రెండూ సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్ల వేగంతోనే పోతాయి. 3,000 కి.మీ. దూరంలో ఉన్న శాటిలైట్‌కు మీ మాట చేరడానికి దేనితో పంపినా సెకనులో నూరో వంతే పడుతుంది. తేడా అంతా ఒక్క సెకనులో ఎన్ని బిట్లు పోతాయన్న దగ్గర ఉంది. ఒకే వాలున్న రెండు కాలువల్లో నీళ్లు ఒకే వేగంతో పారినా పెద్ద కాలువ కింద ఎక్కువ ఎకరాలు తడుస్తాయి కదా, అలాంటిదే ఇది. ఈ 'ఫాస్ట్' అన్న మాట పుట్టడానికి మరో కారణం కూడా ఉంది. గాజు ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కి.మీ. మాత్రమే పోతుంది. అందుకే ఖండాల మధ్య దూరాలకు శాటిలైట్ల మీదుగా పోయే దారి ఒక్కోసారి సముద్రగర్భ కేబుల్ కన్నా ముందు చేరుస్తుంది. కానీ ఆ లాభం శూన్యానిది, లేజర్‌ది కాదు. రేడియోతో పంపినా అదే లాభం.

ఇక మొదటి సగం, స్టార్‌లింక్ వాళ్లు పెట్టారన్నది. పెట్టారు, నిజమే. వాళ్ల అవసరం ఏమిటి, మీ అవసరం ఏమిటి అన్నది తేలాక దాని సంగతి చూద్దాం.

ముందు, లింక్ కావాలా అసలు?

ఈ ప్రశ్న వేస్తే చాలామంది మొహం అదోలా పెడతారు. కానీ వేయాల్సిందే. ఇంటర్నెట్ సేవలిచ్చే వన్‌వెబ్ కంపెనీ మొదటి తరం శాటిలైట్లకు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఏర్పాటే లేదు. మన ఎల్‌వీఎం3 రాకెట్ 2022 అక్టోబర్‌లో 36, 2023 మార్చిలో ఇంకో 36 చొప్పున శ్రీహరికోట నుంచి పైకి తీసుకెళ్లినవి అవే. భూమికి 1,200 కి.మీ. ఎత్తున తిరుగుతూ, కింద ఉన్న గేట్‌వే స్టేషన్‌తో (శాటిలైట్‌ను నేల మీది నెట్‌వర్క్‌తో కలిపే కేంద్రంతో) నేరుగా మాట్లాడతాయి. శాటిలైట్‌ను తేలిగ్గా ఉంచి, ఖర్చు నేల మీద పెట్టారన్నమాట. దాని మూల్యం ఏమిటంటే, గేట్‌వే కనబడని చోట శాటిలైట్ నెత్తిమీద ఉన్నా సేవ అందదు.

భూమిని ఫొటోలు తీసే శాటిలైట్ల సంగతీ అంతే. ఫొటోలు మెమరీలో దాచుకుని, మన షాద్‌నగర్ స్టేషన్ మీదుగా వెళ్లేటప్పుడు దించేస్తాయి. ధ్రువాల మీదుగా తిరిగే శాటిలైట్ ప్రతి చుట్టులోనూ ధ్రువం దగ్గరికి వస్తుంది కాబట్టి అంటార్కిటికాలోని మన భారతి కేంద్రంలోనూ డేటా దించుకునే స్టేషన్ పెట్టారు. గంటో రెండు గంటలో ఆగితే మునిగిపోయేదేమీ లేని పని అయితే, శాటిలైట్ల మధ్య లింక్ కన్నా ఇంకో గ్రౌండ్ స్టేషన్‌లో గంటల లెక్కన టైమ్ అద్దెకు తీసుకోవడం చవక.

ఒకసారి ఓ కాలేజీ టీమ్‌తో కూర్చుని లెక్క వేస్తే, వాళ్ల శాటిలైట్ రోజంతా పోగుచేసే డేటా ఒక పెళ్లి వీడియో క్లిప్ అంత కూడా లేదు. దానికి లేజర్ లింక్, దాని మీద పదిహేను పేజీల ప్రపోజల్!

లింక్ నిజంగా కావాల్సినవాళ్లు ఎవరంటే: నడిసముద్రంలోనో విమానంలోనో ఉన్నవాళ్లకు సేవ ఇవ్వాల్సినవాళ్లు, తుపాను ఫొటో నిమిషాల్లో కిందికి రావాలనుకునేవాళ్లు, రెండు శాటిలైట్లు ఒకదాన్నొకటి చూసుకుంటూ కదలాల్సిన పని పెట్టుకున్నవాళ్లు. మీరు ఈ ముగ్గురిలో ఒకరైతే ముందుకు చదవండి.

రేడియో: చేయి వణికినా పరవాలేదు

రేడియోను పాతకాలపు సరుకుగా చూసేవాళ్లకు ఇరిడియం అనే శాటిలైట్ ఫోన్ల వ్యవస్థ ఉదాహరణ చెబుతుంటాను. 66 శాటిలైట్లు, 780 కి.మీ. ఎత్తు, 1998 నుంచి సేవలో ఉన్న వ్యవస్థ. ఆరు కక్ష్యా తలాలు (ఒకే దారిలో తిరిగే శాటిలైట్ల వరుసలు), ఒక్కో దాంట్లో 11 శాటిలైట్లు. ప్రతి శాటిలైట్ 23 గిగాహెర్ట్జ్ దగ్గర, కేఏ బ్యాండ్ అనే ఎక్కువ ఫ్రీక్వెన్సీ రేడియోలో నలుగురు పొరుగువాళ్లతో మాట్లాడుతుంది: ముందు ఒకరు, వెనక ఒకరు, పక్క తలాల్లో చెరొకరు. సముద్రం మధ్యలో ఓడ నుంచి చేసిన ఫోన్ కాల్ ఒక శాటిలైట్ నుంచి ఇంకోదానికి చేతులు మారుతూ పోయి, ఎక్కడో ఉన్న గేట్‌వేలో దిగుతుంది. 2017–2019 మధ్య శాటిలైట్లన్నీ మార్చి కొత్తవి పెట్టుకున్నప్పుడు కూడా వాళ్లు లేజర్ జోలికి పోలేదు, మళ్లీ కేఏ బ్యాండే. ఎందుకంటే వాళ్ల ఫోన్ కాల్ సెకనుకు 2.4 కిలోబిట్లలో ఇమిడిపోతుంది. కప్పు టీకి బిందె ఎందుకు?

మన ఇంటి ఉదాహరణ ఇస్రో చేసిన స్పేడెక్స్ ప్రయోగం. 2024 డిసెంబర్ 30న పీఎస్‌ఎల్‌వీ-సీ60 మోసుకెళ్లిన రెండు శాటిలైట్లు 2025 జనవరి 16న అంతరిక్షంలో ఒకదానికొకటి అతుక్కున్నాయి. దగ్గరవుతున్నంతసేపూ 'నేనిక్కడ ఉన్నాను, ఇంత వేగంతో వస్తున్నాను' అని పరస్పరం చెప్పుకోవడానికి వాటి మధ్య పెట్టింది తక్కువ ఫ్రీక్వెన్సీల్లో పనిచేసే వీహెచ్‌ఎఫ్/యూహెచ్‌ఎఫ్ రేడియో లింకు. అదే శాటిలైట్లలో లేజర్ కూడా ఉంది, అయితే అది దూరం కొలిచే రేంజ్‌ఫైండర్‌లో. మాటకు రేడియో, కొలతకు లేజర్. ఈ పని పంపకం నాకు చాలా నచ్చింది. చంద్రయాన్-3 ల్యాండర్ కూడా చంద్రుడి మీద దిగే ముందు, 2019 నుంచి అక్కడే తిరుగుతున్న చంద్రయాన్-2 ఆర్బిటర్‌తో రేడియోలోనే పలకరింపులు కలిపింది.

రేడియో గొప్పతనం క్షమించడంలో ఉంది. యూహెచ్‌ఎఫ్ యాంటెన్నా అంటే చాలా క్యూబ్‌శాట్లలో నిజంగానే వడ్రంగులు వాడే స్టీలు కొలత టేపు ముక్క. మడిచి పెట్టి, నైలాన్ దారంతో కట్టేస్తారు. పైకెళ్లాక చిన్న హీటర్ దారాన్ని కాల్చేస్తుంది, టేపు టప్పున విచ్చుకుంటుంది. ఇక శాటిలైట్ బొంగరంలా తిరుగుతున్నా సరే, ఎంతో కొంత సిగ్నల్ అందుతూనే ఉంటుంది. కంప్యూటర్ హ్యాంగయి, బ్యాటరీ నీరసించి, ఎటు తిరిగి ఉన్నదీ తెలియని స్థితిలో శాటిలైట్‌ను మళ్లీ దారికి తెచ్చేది ఆ టేపు ముక్కే.

మరి రేడియోతో ఇబ్బంది ఎక్కడ? బిట్లు పెరిగేకొద్దీ డిష్ పెరగాలి, పవర్ పెరగాలి, బ్యాండ్ వెడల్పు (వాడుకునే ఫ్రీక్వెన్సీల మేర) పెరగాలి. దీన్ని ఒకే పని చేసే రెండు వ్యవస్థలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

గొడుగు పక్కన అరచేయి

కింది కక్ష్యలో తిరిగే శాటిలైట్ల డేటాను 36,000 కి.మీ. ఎత్తున నిలిచి ఉన్న పెద్ద శాటిలైట్ అందుకుని భూమికి దించడాన్ని రిలే అంటారు. నాసా ఈ పని 1983 నుంచి రేడియోతో చేస్తోంది. ఆ వ్యవస్థ పేరు టీడీఆర్‌ఎస్. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి వచ్చే వీడియోలు మనం చూస్తున్నది దాని పుణ్యమే. ఒక్కో శాటిలైట్ మీద దాదాపు 5 మీటర్ల వెడల్పున విచ్చుకునే పెద్ద గొడుగులాంటి యాంటెన్నాలు రెండుంటాయి. కేయూ అనే ఇంకో రేడియో బ్యాండ్‌లో సెకనుకు 300 మెగాబిట్లు, తరవాత వచ్చిన తరాల్లో కేఏ బ్యాండ్‌లో 800 మెగాబిట్లు దాకా అందుకుంటాయి. రేడియో అంటే నత్తనడక అనుకునేవాళ్లు ఈ అంకెలు గుర్తుపెట్టుకోవాలి.

యూరప్ వాళ్లు అదే పనికి లేజర్ పెట్టారు. వాళ్ల రిలే వ్యవస్థ ఈడీఆర్‌ఎస్ మొదటి యూనిట్ 2016 జనవరిలో, రెండోది 2019 ఆగస్టులో వెళ్లాయి. భూమిని గమనించే సెంటినెల్-1, సెంటినెల్-2 శాటిలైట్ల ఫొటోలను 45,000 కి.మీ. దాకా దూరం నుంచి సెకనుకు 1.8 గిగాబిట్ల చొప్పున అందుకుంటాయి. వాటి టెలిస్కోప్ వెడల్పు 13.5 సెంటీమీటర్లు. అరచేయి చాపితే అంత. పంపే కాంతి రెండు వాట్ల పైచిలుకు, అంటే బెడ్‌రూమ్‌లోని చిన్న ఎల్‌ఈడీ నైట్ బల్బు అంత.

ఇక్కడ చదివి లేజర్‌కు ఓటేసేవాళ్లు ఒక్క నిమిషం ఆగాలి. ఆ అరచేయి టెలిస్కోప్ ఉన్న యూనిట్ మొత్తం బరువు 50 కిలోల పైన, తాగే కరెంటు 150 వాట్ల పైన. కాంతికి రెండు వాట్లు, ఆ కాంతిని గురి తప్పకుండా నిలపడానికి మిగతాదంతా. లేజర్ లింక్ ఖర్చంతా వెలుగు మీద కాదు, నిలకడ మీద పెడతారు.

ఇంకో సంగతి. ఈడీఆర్‌ఎస్ మొదటి యూనిట్‌లో లేజర్‌తోపాటు కేఏ బ్యాండ్ రేడియో లింకు కూడా ఉంది. అంతరిక్ష కేంద్రంలోని యూరప్ ల్యాబ్ కొలంబస్‌కు 2021లో వ్యోమగాములు బయటికి వెళ్లి బిగించింది ఆ రేడియోతో మాట్లాడే యాంటెన్నానే. లేజర్ చేతిలో పెట్టుకున్నవాళ్లే రేడియోను వదులుకోలేదు.

నిలకడ లెక్క

దీన్ని కొంచెం దగ్గరగా చూద్దాం, ఎందుకంటే ఎంపిక తేలేది ఇక్కడే.

ఏ కిరణమైనా దూరం పోయేకొద్దీ విచ్చుకుంటుంది. ఎంత విచ్చుకుంటుందన్నది తరంగదైర్ఘ్యాన్ని యాంటెన్నా వెడల్పుతో భాగిస్తే దాదాపుగా వస్తుంది. 23 గిగాహెర్ట్జ్ రేడియో తరంగదైర్ఘ్యం 13 మిల్లీమీటర్లు. 30 సెంటీమీటర్ల డిష్‌తో 4,000 కి.మీ. దూరం పంపితే అక్కడికి చేరేసరికి కిరణం వెడల్పు సుమారు 174 కి.మీ. హైదరాబాద్ నుంచి ఖమ్మం దాకా పరుచుకున్నట్టు. అదే 1.55 మైక్రాన్ల లేజర్‌ను 8 సెంటీమీటర్ల టెలిస్కోప్‌తో పంపితే చేరేసరికి 80 మీటర్లలోపు. క్రికెట్ మైదానంలో సగం.

పంపిన శక్తి అంతా ఖమ్మం దాకా చల్లడానికీ, సగం మైదానంలో పోయడానికీ తేడా ఉంటుంది కదా. లేజర్‌లో అన్ని బిట్లు పట్టడానికి ఒక కారణం ఇది. రెండో కారణం, కాంతి ఫ్రీక్వెన్సీ రేడియో కన్నా వేల రెట్లు ఎక్కువ, కాబట్టి వాడుకోవడానికి దొరికే బ్యాండ్ వెడల్పు కూడా ఎక్కువ.

ఇప్పుడు ఆ సగం మైదానాన్ని 4,000 కి.మీ. అవతల ఉన్న శాటిలైట్ మీద నిలపాలి. ఇది ఎంత కష్టమో తెలియాలంటే వంద రూపాయల లేజర్ పాయింటర్ తీసుకుని రాత్రిపూట మేడ మీదికి వెళ్లండి. వీధి చివరి వాటర్ ట్యాంకు మీద చుక్క నిలపండి. మనుషుల వైపు, విమానాల వైపు పొరపాటున కూడా తిప్పొద్దు. చుక్క నిలవదు. మోచేతులు పిట్టగోడకు ఆనిస్తే కొంచెం నయం, ఊపిరి బిగబడితే ఇంకొంచెం నయం. కింద లారీ పోతే మళ్లీ ఆడుతుంది. ఇప్పుడు అదే చేత్తో టార్చిలైటు వేయండి. ట్యాంకంతా వెలుగే. చేయి అదే, వణుకూ అదే, కానీ టార్చికి ఆ వణుకు పట్టదు.

శాటిలైట్‌కు కూడా చేయి వణుకుతుంది. దిశ మార్చుకోవడానికి లోపల తిరిగే రియాక్షన్ వీల్స్, సోలార్ ప్యానెళ్లను సూర్యుడి వైపు తిప్పే మోటార్లు, ఎండలోంచి నీడలోకి పోయినప్పుడు చట్రం ముడుచుకోవడం, అన్నీ కదిపేవే. ఓ మోస్తరు క్యూబ్‌శాట్ తన దిశను డిగ్రీలో పదో వంతు తేడాతో పట్టుకోగలదనుకుందాం. వినడానికి బాగానే ఉంది. 1,000 కి.మీ. దూరంలో ఆ తేడా 1.7 కి.మీ. పైనే అవుతుంది. అక్కడ పైన చెప్పిన లేజర్ వెడల్పేమో 20 మీటర్లు. అంటే వీధి తప్పడం కాదు, ఊరే తప్పుతుంది.

అందుకే లేజర్ యూనిట్‌లో రెండంచెల గురి ఉంటుంది. మొదట మోటు గురి, టెలిస్కోప్‌నో శాటిలైట్ మొత్తాన్నో ఎదుటివాడి వైపు తిప్పడం. ఆ తరవాత సన్న గురి, సెకనుకు వందల సార్లు వంగే చిన్న అద్దం వణుకును సరిచేయడం. మొదట కలుసుకోవడానికి ఒక శాటిలైట్ తన కిరణాన్ని సుడిలా తిప్పుతూ వెతుకుతుంది. చీకటి గదిలో స్విచ్ కోసం గోడంతా తడిమినట్టు. అవతలి సెన్సర్ మీద మెరుపు పడగానే అది తన కిరణాన్ని వెనక్కి వేస్తుంది. రెండూ కళ్లు కలిపాక అప్పుడు డేటా మొదలు.

కళ్లు కలిపినా పని అయిపోదు. మీకు ఎదుటి శాటిలైట్ కనబడుతున్నదంటే అది 4,000 కి.మీ. ప్రయాణించి వచ్చిన పాత వెలుగు. మీ కిరణం చేరడానికి మళ్లీ అంతే సమయం. మొత్తం సెకనులో నలభయ్యో వంతు. ఆలోగా ఎదుటి శాటిలైట్ మీకు అడ్డంగా సెకనుకు 7 కి.మీ. వేగంతో పోతుంటే 180 మీటర్లకు పైగా జరిగిపోతుంది. కిరణం వెడల్పు 80 మీటర్లలోపే అని గుర్తుంది కదా. కనబడిన చోటికి కొడితే ఖాళీ చోటికే పోతుంది. ఉండబోయే చోటికి కొట్టాలి. అందుకే పంపే కిరణాన్ని, అందుకునే కిరణాన్ని కావాలనే కొద్దిగా ఎడంగా పెడతారు. ఖమ్మం దాకా పరిచే రేడియోకు ఈ గొడవే లేదు.

ఒకే కక్ష్యలో ముందూ వెనకా పోయే శాటిలైట్ల మధ్య ఈ తలనొప్పి చాలా తక్కువ, పక్క సీట్లో కూర్చున్నవాడితో మాట్లాడినట్టే. పక్క కక్ష్యల వాటితో కొంచెం కష్టం. ఎదురెదురుగా పోయేవాటితో మరీ కష్టం. ఇరిడియంలో మొదటి తలం, ఆరో తలం ఎదురెదురుగా తిరుగుతాయి, వాటి మధ్య రేడియో లింకే పెట్టలేదు. రేడియోకే అలా ఉంటే, లేజర్ మొదలుపెట్టేవాళ్లు ముందు ఒకే కక్ష్యలోని పొరుగువాడితో మొదలుపెట్టడం మంచిది.

లేజర్ నిజంగా గెలిచిన చోటు

లేజర్ కొత్తేమీ కాదు. 2001 నవంబర్‌లోనే యూరప్ శాటిలైట్ ఆర్టెమిస్, ఫ్రాన్స్ వాళ్ల స్పాట్-4 నుంచి లేజర్ మీద సెకనుకు 50 మెగాబిట్ల చొప్పున ఫొటోలు అందుకుంది. తమాషా ఏమిటంటే అప్పటికి ఆర్టెమిస్ చేరాల్సిన కక్ష్యకు చేరనేలేదు. రాకెట్ దాన్ని తక్కువ ఎత్తులో వదిలేస్తే, తన సొంత ఇంజిన్లతో మెల్లగా పైకి పాకుతూ 2003లో గమ్యం చేరింది. దారిలో ఉండగానే లేజర్ పని చేసి చూపించింది. 2008లో జర్మనీ, అమెరికా శాటిలైట్ల మధ్య సెకనుకు 5 గిగాబిట్లు దాటింది. అయినా పదేళ్లకు పైగా అవి ప్రయోగాలుగానే మిగిలాయి. చేయగలమా అన్న ప్రశ్నకు జవాబు దొరికింది గానీ, వేల సంఖ్యలో చవగ్గా చేయగలమా అన్నదానికి దొరకలేదు.

ఆ రెండోదానికి జవాబిచ్చింది స్టార్‌లింక్. 2021 నుంచి లేజర్లున్న శాటిలైట్లు పంపడం మొదలుపెట్టి, 2024 మొదట్లో ఇంజనీర్లు చెప్పిన లెక్క ప్రకారం 9,000కు పైగా లేజర్ యూనిట్లతో రోజుకు 42 పెటాబైట్ల డేటా తిప్పారు. ఒక పెటాబైట్ అంటే పది లక్షల గిగాబైట్లు. అమెజాన్ కైపర్ కూడా 2023 చివర్లో తన రెండు ప్రయోగాత్మక శాటిలైట్ల మధ్య సుమారు 1,000 కి.మీ. దూరంలో సెకనుకు 100 గిగాబిట్ల లింక్ నిలిపి చూపింది.

వీళ్లకు లేజర్ ఎందుకు తప్పదో గమనించండి. కింద లక్షలాది ఇళ్ల వీడియోలు, సముద్రం మీద గేట్‌వే లేదు, ఇళ్లతో మాట్లాడటానికి కేయూ, కేఏ బ్యాండ్లు ఇప్పటికే నిండిపోయాయి. శాటిలైట్ల మధ్య మాటకు కూడా రేడియో వాడితే ఉన్న కాస్త స్పెక్ట్రమ్‌ను రెండు ముక్కలు చేసుకోవాలి. పైగా ఒక శాటిలైట్ పాడైతే పక్కది ఆ పని అందుకుంటుంది. వేల శాటిలైట్లలో పది లింకులు తెగినా దారి మళ్లించుకుంటారు. మీవి రెండే శాటిలైట్లయితే ఒక్క లేజర్ మొరాయిస్తే మిషనే పోయినట్టు. అందరూ వాళ్ల వేగం చూస్తారు, నాకు మాత్రం వాళ్ల ధైర్యం సంఖ్యలోంచి వచ్చిందనిపిస్తుంది.

డబ్బుంటే అంతా అయిపోతుందనీ కాదు. అమెరికా రక్షణ శాఖ తన కొత్త శాటిలైట్ల గొలుసు మొత్తానికి లేజర్ లింకులే వెన్నెముకగా పెట్టుకుంది. వేర్వేరు కంపెనీల యూనిట్లు ఒకదానితో ఒకటి మాట్లాడేలా ఉమ్మడి ప్రమాణం కూడా రాసింది. లేజర్ లింకుల సత్తా అనుకున్న సమయానికి అనుకున్నంత నిరూపణ కాలేదని 2025 ఫిబ్రవరిలో ఆ దేశపు ప్రభుత్వ ఆడిట్ సంస్థే చెప్పింది.

మేఘాలు, లైసెన్సులు, ఎండ

మేఘాలు వస్తే లేజర్ ఆగిపోతుందని ఎవరో ఒకరు అంటారు. అది శాటిలైట్ నుంచి నేలకు వేసే లేజర్ సంగతి. శాటిలైట్ల మధ్య మేఘాలెక్కడివి? 550 కి.మీ. ఎత్తున ఉన్న రెండు శాటిలైట్లు వాతావరణం తగలకుండా దాదాపు 5,000 కి.మీ. దాకా ఒకదాన్నొకటి చూసుకోగలవు. ఆపైన భూమే అడ్డొస్తుంది, రేడియోకైనా లేజర్‌కైనా.

ఎండ సంగతి వేరు. ఎదుటి శాటిలైట్ వెనకే సూర్యుడు వస్తే లేజర్ కన్ను బైర్లు కమ్ముతుంది. సాయంత్రం పూట పడమటికి బండి నడిపేవాళ్లకు తెలిసిన ఇబ్బందే. ఇది ఎప్పుడొస్తుందో ముందే లెక్క కట్టొచ్చు, ఆ కాసేపు లింక్ ఉండదనుకుని ప్లాన్ చేసుకోవాలి. రేడియోకు కూడా సూర్యుడి రొద ఉంటుంది గానీ ఇంత బాధించదు.

లైసెన్సు విషయంలో మాత్రం లేజర్‌దే పైచేయి. రేడియోకైతే శాటిలైట్ల మధ్య వాడకానికి కేటాయించిన బ్యాండ్లలోనే ఉండాలి, అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ దగ్గర ఇతర దేశాలతో సర్దుబాటు చేసుకోవాలి, మన దేశంలో ఫ్రీక్వెన్సీలు కేటాయించే టెలికాం శాఖ డబ్ల్యూపీసీ విభాగం చుట్టూ తిరగాలి. శాటిలైట్ తయారైపోయినా కాగితాలు తయారు కాని టెన్షన్ ఈ రంగంలో చాలామందికి అనుభవమే. ఐటీయూ రేడియో నిబంధనలు 3,000 గిగాహెర్ట్జ్ వరకే. లేజర్ సుమారు 1,93,000 గిగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది కాబట్టి ఆ ఫ్రీక్వెన్సీకి కేటాయింపు అక్కర్లేదు. అలాగని అనుమతులే వద్దనుకోకండి. శాటిలైట్‌కు ఇన్‌స్పేస్ (ప్రైవేటు అంతరిక్ష పనులను చూసే ప్రభుత్వ సంస్థ) అనుమతి ఎలాగూ కావాలి, కింది నుంచి శాటిలైట్‌ను నడిపే రేడియోకు ఫ్రీక్వెన్సీ కూడా కావాలి. విద్యార్థుల శాటిలైట్లకు హ్యామ్ (సరదాగా రేడియో నడిపేవాళ్ల) బ్యాండ్ల దారి ఉంది, దాన్ని వ్యాపారానికి వాడకూడదు.

రహస్యం కావాలంటే లేజర్ మంచిదే, ఆ సగం మైదానంలో నిలబడితే తప్ప ఎవరికీ వినబడదు. రేడియోతోనూ ఒక ఉపాయం ఉంది. 60 గిగాహెర్ట్జ్ దగ్గర గాలిలోని ఆక్సిజన్ సిగ్నల్‌ను మింగేస్తుంది. పైన శాటిలైట్లు మాట్లాడుకునేది కిందివాళ్లకు వినబడదు, కింది నుంచి చెడగొట్టడమూ కుదరదు. అమెరికా మిల్‌స్టార్ సైనిక శాటిలైట్లు 1990ల నుంచే ఆ ఫ్రీక్వెన్సీలో మాట్లాడుకున్నాయి.

రెండు లెక్కలు వేసి చూద్దాం

మొదటిది. మీ శాటిలైట్ ఒక్కో చుట్టుకు 200 మెగాబైట్ల ఫొటోలు తీసి పక్కదానికి ఇవ్వాలి. అంటే 1,600 మెగాబిట్లు. సెకనుకు ఒక మెగాబిట్ పంపే మామూలు ఎస్ బ్యాండ్ రేడియో ఉందనుకుంటే 27 నిమిషాల్లో అయిపోతుంది. చుట్టుకు 95 నిమిషాలు పడుతుంది కాబట్టి తీరిగ్గానే అవుతుంది. ఇక్కడ లేజర్ మాటే ఎత్తొద్దు.

రెండోది. వందల రంగుల్లో ఫొటోలు తీసే హైపర్‌స్పెక్ట్రల్ కెమెరా, రోజుకు 100 గిగాబైట్లు. అంటే 8 లక్షల మెగాబిట్లు. అదే రేడియోతో ఒక్క రోజు డేటా పంపడానికి తొమ్మిది రోజులకు పైగా పడుతుంది. పది రెట్లు మంచి రేడియో పెట్టినా 22 గంటలు. సెకనుకు 100 మెగాబిట్ల లేజర్ అయితే రెండుంపావు గంటలు. ఇక్కడ లేజర్ గురించి ఆలోచించొచ్చు. 100 మెగాబిట్లు కేఏ బ్యాండ్‌లోనూ వస్తాయి, కాకపోతే డిష్, దాన్ని తిప్పే మోటారు, పవర్ అన్నీ పెరుగుతాయి. అలా పెరిగిన రేడియో బరువునూ లేజర్ బరువునూ పక్కపక్కన రాసుకున్నాకే నిర్ణయించండి.

క్యూబ్‌శాట్‌లో లేజర్ అసలు పట్టదా అంటే పడుతుంది. నాసా టీబర్డ్ 2023లో చిన్న శాటిలైట్ నుంచి నేలకు సెకనుకు 200 గిగాబిట్లు దించింది. కాకపోతే కింద దాన్ని అందుకున్నది మీటరు వెడల్పు టెలిస్కోప్. అది 8 సెంటీమీటర్ల దానికన్నా 150 రెట్లకు పైగా వెలుగు పోగు చేస్తుంది. ఎదుట ఉన్నది మీ అంత చిన్న శాటిలైటే అయితే ఆ అంకె చూసి ఆశపడొద్దు.

నా ఓటు ఎటు

కాలేజీ శాటిలైట్లకు యూహెచ్‌ఎఫ్ లేదా ఎస్ బ్యాండ్, రెండో ఆలోచన వద్దు. దగ్గర దగ్గరగా తిరుగుతూ, అతుక్కునే ప్రయోగాలు చేసేవాళ్లకు మాటకు రేడియో, కొలతకు లేజర్. సెన్సర్ల చిన్నచిన్న మెసేజ్‌లు మోసే గొలుసు కట్టేవాళ్లకూ రేడియోనే, ఇరిడియం పాతికేళ్లుగా దాని మీదే బతుకుతోంది. పదుల శాటిలైట్లతో, రోజుకు వందల గిగాబైట్లతో పని ఉన్నవాళ్లు ఒకే కక్ష్యలోని పొరుగువాళ్ల మధ్య లేజర్‌తో మొదలుపెట్టొచ్చు. శాటిలైట్ నుంచి శాటిలైట్‌కు ఇంటర్నెట్ మోయాలనుకునేవాళ్లకు లేజర్ తప్ప దారి లేదు.

ఏ లేజర్ శాటిలైట్‌లోనైనా పక్కన రేడియో ఉండాల్సిందే. కళ్లు కలపక ముందు ఎదుటివాడు ఎక్కడున్నాడో చెప్పేదీ, లేజర్ పడుకున్నప్పుడు నిద్రలేపేదీ అదే. కాబట్టి మీ ముందున్న ఎంపిక ఉత్త రేడియోనా, రేడియోతోపాటు లేజర్ కూడానా అన్నదే. 2018లో వెళ్లిన గ్రేస్ ఫాలో-ఆన్ జంట శాటిలైట్లనే చూడండి. సుమారు 220 కి.మీ. ఎడంగా పోతూ మధ్య దూరాన్ని కొలిచి, భూమి లోపలి నీటి హెచ్చుతగ్గులు పట్టే పని వాటిది. లేజర్ కొలత చాలా సన్నమని తెలిసినా ముఖ్య పరికరంగా మైక్రోవేవ్‌నే ఉంచి, లేజర్‌ను పక్కన ప్రయోగంగా పెట్టారు. లేజర్ అద్భుతంగా పనిచేసింది. పనిచేయకపోయినా మిషన్ నిలబడేది.

లేజర్ అమ్మడానికి వచ్చినవాళ్లు బ్రోచర్‌లో మొదటి పేజీలోనే గిగాబిట్లు చూపిస్తారు. వాటిని వదిలేసి ఇవి అడగండి. లింక్ తెగితే మళ్లీ కలవడానికి ఎన్ని సెకన్లు? మా శాటిలైట్ ఎంత వణికితే మీ అద్దం తట్టుకుంటుంది? సూర్యుడికి ఎన్ని డిగ్రీల దగ్గర దాకా పనిచేస్తుంది? వెతుకుతున్నప్పుడు ఎన్ని వాట్లు తాగుతుంది? ఇదే యూనిట్ ఇప్పటికి పైన ఎన్ని నెలలు నడిచింది, ఇంకో కంపెనీ యూనిట్‌తో ఎప్పుడైనా మాట్లాడిందా? చివరి రెండింటికి జవాబు "త్వరలో" అని వస్తే, టేపు యాంటెన్నా ఆర్డర్ చేసుకుని ఆ త్వరలో వచ్చేదాకా ఆగండి.